మన గ్రామములు – గుండెజబ్బు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున మల్కాజ్‌గిరిలో గ్రామ సంఘ పెద్దల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సభలలో సంఘ చరిత్రను గూర్చి, మిషనరీ దొరలు దొరసానుల సేవను గూర్చి మాట్లాడుట వాడుక. మాకు ఇచ్చిన అంశము గుండెజబ్బు. దీనికి డాక్టరును పిలువవలసినది గాని పాస్టరును ఎందుకు పిలిచినారని కొందరు అనుకొనవచ్చును. చికిత్స సంగతి డాక్టర్లకే వదలుచున్నాము. అయితే సమాధుల రిజిస్టరు డాక్టర్ల దగ్గర లేదు, మన దగ్గర ఉన్నది. పేరు, వయస్సు, సమాధి చేసిన తేది, కొన్నిటిలో మరణ కారణము అను గడి. పాత పుటలలో ఆ గడిలో కలరా, మశూచి, జ్వరము, కాన్పు అని వ్రాసియుండును. ఇటీవలి పుటలు తిరగవేయండి. “గుండె ఆగి,” “పక్షవాతము,” “షుగరు,” ఏమియు తెలియనప్పుడు “ఉన్నట్టుండి.” వయస్సు గడి కూడ చూడండి. డెబ్బది ఏండ్లవారే కారు, నలుబది దాటి యేబది నిండనివారు, పిల్లల పెండ్లిండ్లు ఇంకా చేయనివారు ఉన్నారు. ఇల్లు నడిపించువాడు పోయినప్పుడు ఆ యింట మిగులునది వడ్డీ వ్యాపారి పద్దు. అందుచేత ఈ అంశము సంఘమునకు చెందినదేయని మేము ఒప్పుకొన్నాము.

గుండెజబ్బు కూర్చుండి తినేవారి జబ్బు, పట్నపు జబ్బు, నాగలి పట్టినవానికి, నాట్లు వేసినదానికి అది రాదు అని మన పల్లెలలో గట్టి నమ్మకమున్నది. ఈ నమ్మకమును పరీక్షించిన పని ఒకటి మన తెలుగు దేశములోనే జరిగినది. 2003–2004లో ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామములలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, ఒక సంవత్సరమునందు జరిగిన మరణములన్నిటి కారణములు విచారించినారు. పల్లెలో చనిపోయినవారిలో చాలమందికి డాక్టరు సర్టిఫికెట్టు ఉండదు గనుక, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి, చివరి దినములలో ఏమి జరిగినదో బంధువులనడిగి వ్రాసికొన్నారు. ఆ వ్రాతలను డాక్టర్లు చదివి కారణము నిర్ణయించినారు. మొత్తము 1,354 మరణములు. వాటిలో గుండె, రక్తనాళముల జబ్బులవలన పోయినవారు నూటికి 32 మంది. అంటురోగములవలన పోయినవారు నూటికి 12 మంది మాత్రమే. గోదావరి డెల్టా కలిగిన సీమ గదా, మన మెట్ట పల్లెల సంగతి వేరు అనవచ్చును. కొంత వేరే. కాని మన రిజిస్టర్లు ఆ మాటకు పూర్తిగా సాక్ష్యమిచ్చుట లేదు.

మల్కాజ్‌గిరిలో ఈ మందిరమునకు వచ్చు కుటుంబములలో చాలవరకు ఒక తరము క్రిందట, రెండు తరముల క్రిందట పల్లెనుండి వచ్చినవే. రైల్వే పనికి, కార్ఖానా పనికి, చదువుకు వచ్చి నిలిచిపోయినవారు. ఇట్లు పల్లె విడిచి వచ్చిన కార్మికులను, పల్లెలోనే ఉండిపోయిన వారి తోబుట్టువులను ప్రక్కప్రక్కన పరీక్షించిన పని ఒకటి హైదరాబాదుతో కలిపి నాలుగు నగరములలో జరిగి, 2010లో వెలువడినది. ఒకే తల్లి బిడ్డలైనను, పట్నము వచ్చిన పురుషులలో నూటికి సుమారు 14 మందికి షుగరు, పల్లెలో ఉన్నవారిలో నూటికి 6 మందికి. అన్న పట్నములో, తమ్ముడు పల్లెలో. తమ్ముడు మేలే గాని, 6 అనునది కూడ చిన్న సంఖ్య కాదు. బస్సు, టి.వి., పామాయిలు, ప్యాకెట్టు తిండి తమ్ముని ఊరికి చేరిన తరువాత ఆ దూరము తగ్గుచునే యుండును.

ఇక్కడికి దగ్గరలోనే, తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కన జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. దాని గేటు ముందునుండి బస్సులో ఎన్నిసార్లో వెళ్ళియుందుము. లోపల జరిగిన పని మన పల్లెలకు ఎంత దగ్గరిదో తెలిసినవారు తక్కువ. విశ్వవిద్యాలయము, ఈ సంస్థ రెండును 1918లోనే పుట్టినవి. అయితే సంస్థ పుట్టినది ఇక్కడ కాదు, నీలగిరులలోని కూనూరులో. అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూటులో ఒక్క గదిలో రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి రోగమును గూర్చి విచారణ మొదలుపెట్టినాడు. బెరిబెరి ఎక్కువగా ఉన్న సీమలలో మన సర్కారు జిల్లాలు ఒకటి. మర పట్టి తెల్లగా చేసిన బియ్యములో తవుడుతోపాటు బి-1 విటమిను పోవుటచేత వచ్చు జబ్బు అది. కాళ్ళు వాచును, ఆయాసము వచ్చును, చివరకు గుండె చెడిపోవును. అనగా ఆ సంస్థ మొట్టమొదట విచారించిన రోగమే పేదవాని గుండెను పట్టిన రోగము, కారణము అన్నపు కంచములోనే ఉన్న రోగము. ఆ విచారణ పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు మారినది, 1969లో ఇప్పటి పేరు పొందినది.

ఈ తార్నాక సంస్థవారు 1987–1990 మధ్య హైదరాబాదు సమీప గ్రామములలో చేసిన పని ఒకటి ఉన్నది. అది గుండెజబ్బు కొరకు చేసినది కాదు. 1975లో దేశములో అంగన్‌వాడీ పథకము ప్రారంభమైనది, అది అన్ని ఊళ్ళకు ఒకేసారి రాలేదు. 15 గ్రామములలో గర్భిణులకు, ఆరేండ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టుచుండిరి. ప్రక్కనున్న 14 గ్రామములకు ఆ పథకము ఇంకా చేరలేదు. ఈ రెండు వర్గముల ఊళ్ళను పోల్చి, తల్లి తిన్న ఉప్మా బిడ్డ బరువుకు ఏమి చేసినదో చూచుట ఆనాటి ఉద్దేశము.

దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు రాజు భోజనము వద్దని శాకధాన్యాదులు, నీళ్ళు కోరిన సంగతి సండే స్కూలు పిల్లలందరికి తెలుసు. అధికారి భయపడగా, పది దినములు చూచి, రాజు భోజనము తినువారి ముఖములతో మా ముఖములు పోల్చి చూడుమన్నాడు దానియేలు. ఒకరికి ఒక తిండి, మరియొకరికి వేరొక తిండి, గడువు పెట్టి పోల్చి చూచుట. నేటి పరిశోధకులు చేయునది కూడ అదే. కాకపోతే తార్నాకవారి గడువు పది దినములు కాదు. 2003–2005లో తిరిగి అవే 29 ఊళ్ళకు పోయి, ఆనాటి గర్భములో, ఒడిలో ఉన్నవారిని, అప్పటికి 13 నుండి 18 ఏండ్ల ప్రాయమువారిని, 1,165 మందిని వెదకి పరీక్షించినారు. ఫలితము 2008లో వెలువడినది.

ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు మిగతావారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అది కంటికి కనబడని తేడా. కంటికి కనబడనిది ఇంకొకటి ఉన్నది. వారి రక్తనాళములు అంత బిరుసెక్కలేదు, ఇన్సులిన్ వారి శరీరములో మేలుగా పనిచేయుచున్నది. అనగా షుగరునకు, గుండెజబ్బునకు త్రోవ తీయు గుర్తులు వారిలో తక్కువ. రక్తపోటులో, కొవ్వులో స్పష్టమైన తేడా కనబడలేదని వారే వ్రాసినారు, కనుక మేము కూడ ఎక్కువ చేసి చెప్పరాదు. ఒక పూట ఉప్మా కడుపులోని బిడ్డకు చేసిన మేలు పదునైదేండ్ల తరువాత నాడిలో తెలిసినది. మాకు ఇది చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యము ఇప్పటికిని తీరలేదు.

ఇది ఎట్లు సాధ్యము? ఇంగ్లండులో డేవిడ్ బార్కరు అను వైద్యుడు 1989లో ఇటువంటి సంగతినే వెల్లడించినాడు. హెర్ట్‌ఫర్డ్‌షైరు అను జిల్లాలో 1911 నుండి మంత్రసానులు, ఆరోగ్య సందర్శకులు పుట్టిన ప్రతి బిడ్డ బరువును, ఏడాది నిండునప్పటి బరువును పెద్ద పుస్తకములలో వ్రాసిపెట్టినారు. ఎథెల్ బర్న్‌సైడు అను ఒక అధికారిణి ఆ పని పెట్టించినది. డెబ్బది ఏండ్ల తరువాత ఆ పుస్తకములు దొరకగా, ఎవరు ఎప్పుడు ఏ జబ్బుతో పోయినారో వెదకి చూచినారు. పురుషులలో, ఏడాదినాటికి మిక్కిలి తక్కువ బరువున్నవారే పెద్దవారైన పిమ్మట గుండెజబ్బుతో ఎక్కువగా పోయినారు. దీనికి చెప్పు కారణము ఇది. కడుపులో కరువు చూచిన బిడ్డ శరీరము, ఉన్న కొద్దిపాటి ఆహారమును మెదడుకు పంపి, కండకు, మూత్రపిండములకు, ఇన్సులిన్ చేయు గ్రంథికి తగ్గించును. కరువులో పుట్టి కరువులోనే బ్రతికినచో ఆ పొదుపు చెల్లవచ్చును. కరువులో పుట్టి, నలుబది ఏండ్లకు నూనె, చక్కెర, తెల్లన్నము దొరికినచో ఆ శరీరము దానిని మోయలేదు. మన పల్లెల సంగతి సరిగ్గా ఇదే గదా! తాత గంజి త్రాగినాడు, తండ్రి జొన్నరొట్టె తిన్నాడు, కొడుకు మూడు పూటల అన్నము తినుచున్నాడు. 1983లో వచ్చిన 2 రూపాయల కిలో బియ్యము ఎన్నో ఇండ్ల ఆకలి తీర్చినది. దానిని తప్పుపట్టువారము కాము. జొన్న, సజ్జ, కొర్ర పోయిన చోట పప్పు, కూరగాయ, ఆకుకూర వచ్చియుండవలసినది. అవి రాలేదు.

అందుచేత గుండెజబ్బును గూర్చి మాట్లాడునప్పుడు మేము మొదట మగవాని బీడీని గూర్చి గాక, ఆడదాని కంచమును గూర్చి మాట్లాడుచున్నాము. మన యిండ్లలో అందరు తిన్న తరువాత కుండ అడుగున మిగిలినది ఎవరిది? ఎనిమిదవ నెలలో కూడ కలుపు తీయబోవునది ఎవరు? బిడ్డ పెద్దదైనచో కాన్పు కష్టమగునని చెప్పి గర్భిణికి తిండి తగ్గించు అత్తలు మన సంఘములలో ఉన్నారు, వారు దుర్మార్గులు కారు, వారికి వారి అత్తలు అట్లే చెప్పినారు. స్త్రీల మైత్రివారు ఈ మాటను ఎత్తుకొనవలెనని మా మనవి. పాస్టరు చెప్పినచో సిగ్గుపడుదురు. బైబిలు స్త్రీ చెప్పినచో విందురు. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పథకము ప్రారంభమై, అంగన్‌వాడీలో గర్భిణికి ఒక పూట పూర్తి భోజనము, గ్రుడ్డు, పాలు పెట్టు ఏర్పాటు వచ్చినది. అక్కడికి పోవుట నామోషీ అని మానుకొను కోడండ్రు ఉన్నారు. ఇంటికి తెచ్చిన గ్రుడ్డు కొడుకు కంచములో పడుటయు ఉన్నది. శ్రమల కాలములో గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఉపవాసముండనక్కరలేదని ప్రతి గురువును వేదికమీదనుండి ఒకసారి చెప్పవలెను. షుగరు మాత్రలు వేసికొనువారు డాక్టరునడగక ఉపవాసము పట్టరాదు. ఇది భక్తిని తగ్గించుట కాదు.

ఇప్పుడు బీడీ. కల్లు, సారా విషయములో మన సంఘములు కఠినముగా ఉన్నవి. త్రాగి మందిరమునకు వచ్చినవానిని ప్రభు భోజనమునుండి ఆపినారు. చుట్ట, బీడీ, గుట్కా విషయములో మెత్తగా ఉన్నవి. ఆరాధన ముగియగానే చింతచెట్టు క్రింద బీడీ ముట్టించు పెద్దలు మాకు తెలుసు, వారిలో కొందరు ఈ సభలోనే కూర్చున్నారేమో! పొగాకు రక్తనాళమును ముడుచుకొనజేయును, రక్తము గడ్డకట్టునట్లు చేయును. నమలు పొగాకు కూడ గుండెకు మేలు చేయదు. అయితే పొగ మానినవానికి ఒక సంవత్సరములోనే పొగవలన వచ్చిన గుండెజబ్బు అపాయము సుమారు సగము తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. ఏబది ఏండ్లకు మానినను లాభమే. నిజామాబాదు, కరీంనగరు వైపు పల్లెలలో బీడీలు చుట్టియే పిల్లలను చదివించుకొను సహోదరీలు ఉన్నారు. వారి కూలిని మరచి ఈ మాట తేలికగా చెప్పలేము. చుట్టువారి కూలి సంగతి వేరుగా ఆలోచింపవలసినది. త్రాగువారికి దానిని సాకుగా ఇయ్యరాదు.

ఉప్పు సంగతి అందరు తేలికగా తీసికొందురు. తార్నాక సంస్థ 2024లో ప్రచురించిన ఆహార సూచనలలో మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదని ఉన్నది. అది ఒక చిన్న చెంచా. కూర కొనలేని యింట అన్నము దిగవలెనన్న పచ్చడో, ఎండుచేపో, గొడ్డుకారమో కావలెను. పేదవాని కంచములో ఉప్పు ఎక్కువగుట రుచికొరకు కాదు, కూర లేకనే. కాబట్టి ఊరికే ఉప్పు తగ్గించుమనుట చాలదు. మందిర ఆవరణలో నాలుగు మునగచెట్లు, ఒక గోంగూర మడి పెట్టిన సంఘము ఆ మాట చెప్పుటకు తగును. ఇక పాస్టర్ల సంగతి. ఇంటింటి దర్శనములో ఏడు ఇండ్లకు ఏడు టీలు, ప్రతి టీకి రెండు చెంచాల చక్కెర, ప్రక్కన మిక్చరు. వద్దన్నచో అలుగుదురు. మా తోటివారిలో షుగరు లేని పాస్టరును వెదకవలసి వచ్చుచున్నది. మజ్జిగ ఇయ్యండి, ఉప్పు వేయకుండ, అదే మాకు గౌరవము.

పిల్లలలో గొంతునొప్పి తరువాత కీళ్ళవాపు, జ్వరము వచ్చి గుండె కవాటములు చెడు జబ్బు వేరే ఉన్నది. ఇరుకు ఇండ్లలో అది ఎక్కువ. అటువంటి పిల్లలను వెంటనే ఆసుపత్రికి పంపండి అని మాత్రము చెప్పి ముందుకు పోవుచున్నాము.

రక్తపోటు ఎక్కువైనను చాలమందికి ఏ బాధయు తెలియదు. తలనొప్పి లేదు గనుక బి.పి. లేదనుకొనుట పొరపాటు, కొలిచినప్పుడే తెలియును. పదే పదే కొలిచినప్పుడు 140/90 గాని, అంతకు మించి గాని ఉన్నచో డాక్టరు దగ్గరకు పోవలెను. మాత్ర ఇచ్చినచో అది నెల రోజులు వేసి ఆపునది కాదు. ఇక్కడ మన సంఘములలో ఒక పెద్ద చిక్కు ఉన్నది. స్వస్థత కూటములలో ప్రార్థన చేయించుకొని, విశ్వాసమునకు గురుతుగా మాత్రలు పారవేసి, కొన్ని నెలలకు పక్షవాతముతో మంచము పట్టినవారిని మేము చూచినాము. వారి పేర్లు చెప్పము, ఆ కూటములు పెట్టినవారి పేర్లును చెప్పము. హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు ఆయుస్సు పొడిగించెను. ఆ మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టుడని కూడ చెప్పెను. ప్రార్థన విన్న దేవుడే మందు కట్టించినాడు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. మాత్ర మానుమని ఏ గురువును, ఏ ఉపదేశియు, ఏ ప్రార్థనాపరురాలును చెప్పరాదని డయోసిస్ కౌన్సిలు ఈ శతాబ్ది సంవత్సరములో తీర్మానము చేసినచో బాగుండునని మా అభిప్రాయము.

నొప్పి వచ్చిన రాత్రిని గూర్చి ఒక మాట. ఛాతీమీద బండ పెట్టినట్లు బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము. స్త్రీలకు, షుగరువారికి నొప్పి లేకుండ ఆయాసము, నీరసము మాత్రమే రావచ్చును. మన పల్లెలో దీనికి గ్యాసు అని పేరు పెట్టి, సోడా త్రాగించి, ఆర్.ఎం.పి. డాక్టరుచేత సూది వేయించి, తెల్లవారనిమ్మందురు. తెల్లవారుసరికి గుండె కండ చచ్చిపోవును. రక్తపు గడ్డను కరిగించు మందు ఉన్నది గాని, అది మొదటి గంటలలో ఇచ్చినప్పుడే బాగుగా పనిచేయును. 108 బండి మన రాష్ట్రములో 2005 నుండి తిరుగుచున్నది, డబ్బు అడగదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాని గుండె ఆపరేషనుకు అక్కరకు వచ్చినది. కార్డు ఎక్కడ పెట్టినామో ఇంటివారందరికి తెలిసియుండవలెను.

డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి ప్రారంభించినప్పుడు, నిజామాబాదు నరసాగౌడు గారు ధనమిచ్చి ఆదుకొన్నారు. ఆనాడు పల్లెను పట్టిన జబ్బు అది. నేటి జబ్బుకు క్రొత్త ఆసుపత్రి కట్టుమని మేము అడుగుట లేదు. అడుగునది రెండు పుస్తకములు, ఒక బి.పి. యంత్రము. ప్రతి గ్రామ సంఘములో 30 ఏండ్లు దాటినవారందరికి నెలకొకసారి ఆరాధన తరువాత బి.పి. కొలిచి, పేరు ఎదుట వ్రాయవలెను. ఆశా కార్యకర్తను పిలిచినచో ఆమె నేర్పును, ఎక్కువ ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవును. మాత్రలు ఎవరు మానినారో పెద్దలు విచారించవలెను. రెండవది బాప్తిస్మపు రిజిస్టరు. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేది వ్రాసిన తరువాత ప్రక్కన ఒక గీత గీసి, పుట్టిననాటి బరువు వ్రాయండి. తల్లి కార్డుమీద ఉండును, తేవలెనని ముందు వారమే చెప్పండి. రెండున్నర కిలోలకు తక్కువ ఉన్నచో ఆ పేరు క్రింద ఎఱ్ఱ సిరాతో గీత గీసి, స్త్రీల మైత్రి కార్యదర్శికి చూపండి. రిజిస్టర్లు అయిపోయినవారికి క్రొత్తవి ఇక్కడే, వెనుక బల్లమీద పెట్టియున్నవి.